బంపర్‌కు క్రోమ్ రావాలంటే ముందు నలుపు కుదరాలి

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 1/24 స్కేల్ ప్లాస్టిక్ మోడల్ కారు కిట్‌లో బంపర్ మీద, గ్రిల్ మీద అచ్చు గీతలు (అచ్చు రెండు సగాలు కలిసే చోట పడే గీతలు) కనిపిస్తున్నాయని ఫ్యాక్టరీ క్రోమ్ తీసేశారు. మూత మీద క్రోమ్ అని ఉన్న స్ప్రే డబ్బా కొని కొట్టారు. మెరుపు నిలవాలని పైన లాకర్ క్లియర్ (త్వరగా ఆరే పారదర్శక పూత) వేశారు. ఇప్పుడు చూస్తే బంపర్ అల్యూమినియం గిన్నెలా ఉంది. ఏ కంపెనీ రంగు కొంటే అసలైన క్రోమ్ వస్తుంది అని అడుగుతున్నారు.

కంపెనీల పేర్లు కింద చెబుతాను. కానీ ఎంత ఖరీదైన సీసా తెప్పించినా, ఈ బంపర్ మీద ఇదే పద్ధతిలో కొడితే మళ్లీ ఇలాగే వస్తుంది. క్రోమ్ పనిలో ముఖ్యమైన భాగమంతా క్రోమ్ సీసా మూత తీయకముందే పూర్తయిపోతుంది. రంగు కొనే ముందు ఆ భాగం సంగతి చూద్దాం.

నిజం కారు బంపర్‌ను తీసుకోండి. ఉక్కు రేకును బాగా పాలిష్ చేస్తారు. దాని మీద నికెల్ పూత, చాలాసార్లు నికెల్ కింద రాగి పూత కూడా ఉంటుంది. అన్నిటికీ పైన ఉండే క్రోమియం పొర మందం సుమారు పావు మైక్రాన్ నుంచి అర మైక్రాన్ వరకే. నునుపంతా పాలిష్‌దీ నికెల్‌దీ. క్రోమియం చేసేది ఆ నునుపు మాసిపోకుండా కాపాడటం, కొంచెం నీలి ఛాయ ఇవ్వడం. మన బల్ల మీద కూడా వరుస ఇదే. నికెల్ స్థానంలో మనం వాడేది నిగనిగలాడే నలుపు.

నలుపే ఎందుకు? రెండు కారణాలున్నాయి. మామూలు సిల్వర్ రంగులో ఉండే అల్యూమినియం రేణువులు పెద్దవి, మందమైనవి. బైండర్‌లో, అంటే రేణువులను పట్టి ఉంచే జిగురులో, ఒక్కోటి ఒక్కో కోణంలో ఒరిగి ఎండిపోతాయి. పడిన వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోతుంది కాబట్టి తెల్లటి బూడిద మెరుపు తప్ప ప్రతిబింబం రాదు. అసలు క్రోమ్ రంగుల్లో వాడేది వాక్యూమ్‌లో తయారైన అతి పల్చని రేకులు. మందం నానోమీటర్లలో ఉంటుంది. ఆ రంగుల్లో బైండర్ చాలా తక్కువ. కింద ఉపరితలం ఎలా ఉంటే రేకుల పరుపు అలా ఉంటుంది. కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. ఉపరితలంలో ఎత్తుపల్లాలు అంతకంటే బాగా తక్కువగా ఉంటేనే అద్దం అవుతుంది. కాబట్టి కింద ఉన్న ఏ గరుకునూ ఈ రంగు కప్పిపుచ్చదు, పైగా చాటి చెబుతుంది. రెండో కారణం: క్రోమియం తన మీద పడిన వెలుగులో దాదాపు మూడింట రెండు వంతులే తిప్పి పంపుతుంది, అల్యూమినియం తొంభై శాతం దాకా పంపుతుంది. అంటే నిజమైన క్రోమ్ మనం ఊహించుకునే దానికంటే ముదురు. పల్చటి రేకుల పొర గుండా తొంగిచూసే నలుపు ఆ లోతును తెస్తుంది. తెల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీదో బూడిద ప్రైమర్ మీదో నేరుగా కొడితే ఆ లోతు రాదు.

ఇప్పుడు మీ ముక్కల సంగతి. బంపర్ మీద వివరాలు తక్కువ కాబట్టి ఉన్న పూతలన్నీ తీయాల్సిన పని లేదు. బాగా ఎండనిచ్చి 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది చదును చేసి, దాన్నే ప్రైమర్‌గా భావించి ముందుకు వెళ్లండి. గ్రిల్ సందుల్లో మాత్రం రంగు నిండిపోయి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయాల్సిందే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ఆదరాబాదరాగా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచారంటే రంగుతో పాటు గ్రిల్ కూడా కరుగుతుంది. కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌కు ఆ థిన్నర్ పడదు.

తర్వాతి కిట్‌లో ఫ్యాక్టరీ క్రోమ్ తీయాలంటే బట్టలకు వాడే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ చాలు, అందులో ఉంచితే క్రోమ్‌లా కనిపించే అల్యూమినియం పొర కరిగిపోతుంది. చేతికి గ్లవ్స్, కిటికీ తెరిచిన గది తప్పనిసరి. ఆ గిన్నె దరిదాపుల్లోకి బాత్రూమ్ కడిగే యాసిడ్ రాకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ప్రాణాంతకం. అల్యూమినియం పోయాక కొన్ని కిట్‌లలో పసుపు ఛాయ ఉన్న వార్నిష్ పొర ఒకటి మిగులుతుంది. చాలామంది దాన్ని ప్లాస్టిక్ అనుకుని వదిలేస్తారు. గ్రిల్ గళ్లు మొద్దుగా కనిపించడానికి సగం కారణం ఆ పొరే, దాన్నీ ఆల్కహాల్‌తో తీసేయండి.

అచ్చు గీతను బ్లేడు వీపుతో గీకి, 400తో మొదలుపెట్టి 800, 1000, 2000 వరకు వెళ్లండి. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే ముందు నంబరు గీతలు నలుపు కింద దాక్కుని క్రోమ్ వేశాక బయటపడతాయి. గుంటలుంటే పుట్టీ పెట్టండి. ఆ తర్వాత సన్నని ప్రైమర్, దాని మీద మళ్లీ 2000.

ఇక్కడ మన జిల్లాల వాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. తడి వాటర్ పేపర్ పని అయ్యాక ముక్కను ఆ నీళ్లతోనే కడిగి ఆరబెడితే, చుక్క ఆరిన ప్రతిచోటా తెల్లటి వలయం మిగులుతుంది. కంటికి కనిపించనంత సన్నగా ఉన్నా క్రోమ్ దాన్ని దాచదు. చివరి కడుగు ఎప్పుడూ బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. ఒక సీసా చాలా ముక్కలకు వస్తుంది.

ఇక నలుపు. మీ ఓపికంతా ఇక్కడ ఖర్చు పెట్టండి. తామియా టీఎస్-14 స్ప్రే డబ్బా, ఆల్‌క్లాడ్ వారి సొంత నల్ల బేస్, కార్ల పెయింట్ షాపులో దొరికే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పి.యు. (పాలీయూరితేన్) నలుపు, మూడూ పనికొస్తాయి. వీటిలో పి.యు. నలుపుదే పైచేయి అని నా అభిప్రాయం. అది గట్టిగా బిగుస్తుంది, పైన పడే క్రోమ్‌లోని ద్రావకం దాన్ని కదిలించలేదు, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఆటో పెయింట్ షాపుల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. కానీ అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు వీటిని ఆపలేవు. రసాయన ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ లేకపోతే పి.యు. జోలికి పోకండి, తామియాతో సరిపెట్టుకోండి. దానికీ గాలి ఆడే చోటు, మాస్కు కావాలి. ఇంట్లో పిల్లలుంటే పి.యు. పని అసలు ఇంట్లో పెట్టుకోవద్దు.

హైవే పక్క కార్లకు పెయింటింగ్ చేసే షెడ్డులో పరిచయం ఉంటే, నల్ల కారు పని నడుస్తున్న రోజు మీ ముక్కలను పుల్లలకు గుచ్చి తీసుకెళ్లి ఒక చేయి (కోటు) వేయించుకోవచ్చు. ప్రైమర్ వేసిన ముక్కలే తీసుకెళ్లండి, వట్టి ప్లాస్టిక్ మీద వాళ్ల థిన్నర్ పడకూడదు. పెద్ద గన్ను వద్దని, టచప్ చేసే చిన్న గన్నుతో కొట్టమని అడగండి. అది కూడా బంపర్లకు, వీల్ క్యాప్‌లకు సరే. గ్రిల్‌ను మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. కారు డోరుకు అలవాటుపడ్డ చేయి గ్రిల్ గళ్లను ఒక్క విసురులో పూడ్చేస్తుంది.

నలుపు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ముక్కను ట్యూబ్‌లైటు కింద పట్టుకుని ప్రతిబింబం అంచు చూడండి. అంచు గీసినట్టు తిన్నగా ఉంటే సరే. వంకర్లు పోతే ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) ఉన్నట్టు, మళ్లీ 2000, 3000 పేపర్లతో రుద్ది పాలిష్ చేయాలి. నలుపులోనే మీ ముఖం కనిపించకపోతే దాని మీద వేసిన క్రోమ్‌లో ఎక్కడి నుంచి కనిపిస్తుంది? ఎండిందో లేదో తెలుసుకోవడానికి ముక్కు చాలు. దగ్గరగా పెట్టుకుంటే రంగు వాసన వస్తోందంటే ద్రావకం ఇంకా బయటికి వస్తున్నట్టే. నలుపు ఎనామెల్ (నెమ్మదిగా ఎండే రంగు) అయితే రెండు మూడు రోజులు తప్పవు, వారం ఆగితే ఇంకా మంచిది. పాలిష్ చేశాక మైనం, సిలికాన్ ఆనవాలు లేకుండా సబ్బు నీళ్లతో కడగండి, చివరి కడుగు మళ్లీ డిస్టిల్డ్ వాటరే. ఆ తర్వాత వేలు తగలకూడదు.

వాతావరణం గురించి విదేశీ మోడలర్ల వీడియోలు మనకు అంతగా అక్కరకు రావు. వాళ్ల గదిలో ఉండే 20 డిగ్రీలు మనకు జనవరి ఉదయం దొరికితే గొప్ప. ఏప్రిల్, మే నెలల్లో బయట 43, 44 ఉన్నప్పుడు మధ్యాహ్నం కొడితే రంగు నాజిల్ నుంచి ముక్కకు చేరేలోపే గాలిలో ఎండిపోతుంది. రేకులు పొడిగా, అడ్డదిడ్డంగా పడతాయి. చేత్తో తడిమితే సన్నని పిండిలా తగులుతుంది, కంటికి బూడిద రంగులో ఉంటుంది. చాలామంది రంగు నకిలీదని తిట్టుకునేది ఇలాంటప్పుడే. ఎండాకాలంలో పని తెల్లవారుజామునే పెట్టుకోండి, దూరం తగ్గించండి. నలుపు లాకర్ అయితే కొద్దిగా రిటార్డర్ (ఎండటాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలపవచ్చు, క్రోమ్‌లో మాత్రం ఏమీ కలపకండి.

వేడి తట్టుకోలేక ఎయిర్ కూలర్ వేసుకుని స్ప్రే చేసేవాళ్లున్నారు. కూలర్ గదినిండా తేమ నింపుతుంది, గడ్డి ప్యాడ్ల దుమ్ము అదనం. తేమ ఎక్కువైతే లాకర్ తెల్లగా పాలిపోతుంది. వానాకాలంలోనూ ఇదే గొడవ. ముసురు పట్టిన రోజు కంప్రెసర్ ముట్టుకోవద్దు, గొట్టంలో నీటిని పట్టే ట్రాప్ లేకుండా అసలే వద్దు. ఎర్ర దుమ్ముకు మన అమ్మమ్మల మందే మందు: పనికి ముందు నేల మీద నీళ్లు చల్లి, ఫ్యాను ఆపి, కాసేపు ఆగండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు విడిచి ఎండ పొడుచుకొచ్చే వేళ మన ప్రాంతంలో క్రోమ్‌కు అన్నిటికంటే అనువైన సమయం. నా క్రోమ్ పనులన్నీ ఆ నెలలకే వాయిదా వేసుకుంటాను.

ఇప్పుడు రంగు. ఎయిర్‌బ్రష్ (కంప్రెసర్ గాలితో రంగు చల్లే చిన్న గన్ను) ఉంటే ఆల్‌క్లాడ్ 2 క్రోమ్, ఏఎల్‌సీ-107. సీసాలోంచి నేరుగా కప్పులో పోయండి, పల్చన చేయకండి. ముందు బాగా కుదపండి, రేకులు అడుగున కూర్చుంటాయి. నాజిల్ 0.2 లేదా 0.3 మిల్లీమీటర్లు, ప్రెషర్ 12 నుంచి 15 పి.ఎస్.ఐ., దూరం నాలుగు వేళ్ల వెడల్పు. మొదటి చేయికి నలుపు మసకబారినట్టు మాత్రమే ఉండాలి. రెండో చేయికి పొగలా కనిపిస్తుంది, ఏమీ అవుతున్నట్టు ఉండదు. ఇక్కడే ఓపిక చచ్చి ఒకేసారి తడిపేస్తారు. అలా చేయకుండా ప్రతి చేయి మధ్య ఒక్క నిమిషం ఆగుతూ పోతే, ఏదో ఒక చేయి దగ్గర నలుపు ఉన్నట్టుండి లోహంగా మారుతుంది. చేయి అక్కడితో ఆపేయాలి. ఇంకొంచెం మెరుస్తుందేమో అని మరో చేయి వేశారంటే రేకులు రేకుల మీద పేరుకుని కింది నలుపు మూసుకుపోతుంది, మీకు మళ్లీ సిల్వరే మిగులుతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో కన్ను పట్టుకోవాలి కాబట్టి ముందు ప్లాస్టిక్ చెంచాలకు నలుపు కొట్టి వాటి మీద సాధన చేయండి. చెంచా వీపు వంపు బంపర్ వంపుకు దగ్గరగా ఉంటుంది.

ఎయిర్‌బ్రష్ లేకపోతే మోలోటో లిక్విడ్ క్రోమ్ పెన్ను. 1, 2, 4 మిల్లీమీటర్ల మొనలతో వస్తుంది. డోరు హ్యాండిళ్లు, హెడ్‌లైటు రింగులు, వైపర్ కాళ్ల వంటి చిన్న వాటికి దీనికి మించినది లేదు. గీస్తున్నట్టు కాక రంగును కాస్త ఎక్కువగా వదిలి అదే పరుచుకునేలా చేయాలి. ఆరుతున్న దాని మీద రెండోసారి మొన పెడితే చారలు పడతాయి. కొంతమంది దీని రీఫిల్ ఎయిర్‌బ్రష్‌లో పోసి పెద్ద ముక్కలకు కొడతారు, మెరుపు ఆల్‌క్లాడ్‌ను మించిపోతుంది కూడా. చిక్కేమిటంటే ఇది పైకి గంటల్లో ఆరినట్టుంటుంది, లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది, అప్పుడు కూడా వేలిముద్రకు లొంగుతుంది. ముట్టుకునే చోట వాడకండి.

కిటికీల చుట్టూ, బాడీ పక్కల ఉండే సన్నని పట్టీలకు రంగు వద్దు. బేర్-మెటల్ ఫాయిల్ అనే అంటుకునే రేకు అంటించి, టూత్‌పిక్‌తో ఒత్తి, కొత్త బ్లేడుతో అంచు కోయండి. బ్లేడు కొత్తది కాకపోతే రేకు చిరుగుతుంది. పైసలు మిగుల్చుకోవాలంటే వంటింటి అల్యూమినియం రేకు, ఫాయిల్ గమ్ము కూడా పని చేస్తాయి, కాస్త మందంగా ఉంటాయంతే.

ఫ్యాన్సీ స్టోర్లలో గోళ్లకు రుద్దుకునే మిర్రర్ పౌడర్ అమ్ముతారు. నిగనిగలాడే నలుపు మీద స్పాంజితో మెల్లగా రుద్దితే ఆశ్చర్యపోయేంత అద్దం వస్తుంది, ఖర్చు చాలా తక్కువ. వీల్ క్యాప్‌ల వంటి గుండ్రటి, తెరిచి ఉన్న ఆకారాలకు బాగుంటుంది, మూలల్లోకి మాత్రం చేరదు. డబ్బు పెట్టే ముందు చేయి తిప్పుకోవడానికి ఇది మంచి దారి.

ప్లేటింగ్ షాపులో ఇస్తే పోదా అని కొందరు అడుగుతుంటారు. మామూలు ప్లేటింగ్‌కు ముక్క కరెంటు పారే లోహమై ఉండాలి. కిట్ పాలీస్టైరీన్‌కు అది కుదరదు. కిట్ తయారీదారులు చేసేది వాక్యూమ్ మెటలైజింగ్, అంటే గాలి లేని గదిలో లోహాన్ని ఆవిరి చేసి ముక్క మీద పూత పట్టించడం. ఒకటి రెండు ముక్కల కోసం అంత పెద్ద యంత్రం నడపడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

క్లియర్ గురించి నా మాట కరాఖండి: వేయకండి. మీ బంపర్‌ను చంపింది ఆ స్ప్రే డబ్బాలోని సిల్వర్ ఒక్కటే కాదు, క్లియర్ కూడా. క్లియర్‌లోని ద్రావకం రేకులను లేపి చెదరగొడుతుంది. నీటి ఆధారిత క్లియర్ అయితే నష్టం తక్కువ, కానీ అద్దం కొంత మందగించక తప్పదు. షోకేసులో ఉండే కారు బంపర్‌ను ఎవరు తడుముతారు? చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మకైతే ఈ పద్ధతులేవీ పనికిరావు, ఫ్యాక్టరీ క్రోమే ఉంచండి.

క్లియర్ లేదు కాబట్టి బిగింపు జాగ్రత్తగా చేయాలి. ముక్క వెనుక పుల్ల లేదా క్లిప్పు తగిలించి, అతికే చోట ముందే మాస్కింగ్ టేపు వేసి ఉంచండి. రంగు మీద అతికిస్తే రంగుతో పాటు ఊడొస్తుంది. సూపర్ గ్లూ ఆవిరి క్రోమ్ మీద తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది, అది పోదు. కొద్దిగా ఎపాక్సీయో, బరువు లేని ముక్కలకు తెల్ల ఫెవికాలో చాలు.

చివరగా, కారులో మెరిసేదంతా క్రోమ్ కాదు. మన రోడ్ల మీద 2014 దాకా కొత్తగా వచ్చిన అంబాసిడర్‌ను, ఇంకా ఎక్కడైనా నిలబడి ఉన్న పాతదాన్ని దగ్గరికి వెళ్లి చూడండి. పాత మోడళ్ల బంపర్ క్రోమ్ ముదురుగా, నీలంగా ఉంటుంది. పాత కార్లలో కిటికీ పట్టీలు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలో అల్యూమినియమో. రంగు కాస్త వెచ్చగా, మెరుపు తక్కువగా ఉంటుంది. హెడ్‌లైటు లోపలి గిన్నెకు అల్యూమినియం పూత, అది అన్నిటికంటే తెల్లగా మెరుస్తుంది. ఈ మూడింటినీ ఒకే సీసాతో కొట్టిన మోడల్ ఎంత మెరిసినా బొమ్మలాగే ఉంటుంది. బంపర్‌కు క్రోమ్, పట్టీలకు ఫాయిల్ లేదా ఆల్‌క్లాడ్ పాలిష్డ్ అల్యూమినియం, హెడ్‌లైటు గిన్నెకు మోలోటో అని విడదీయండి. గ్రిల్ గళ్ల వెనుక పల్చటి నల్ల అక్రిలిక్ వాష్ (సందుల్లోకి పారేలా బాగా పల్చన చేసిన రంగు) దింపండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే సందుల్లోకి దానంతట అదే జారుతుంది. ఎనామెల్ వాష్ వద్దు, దాని థిన్నర్ మోలోటోను లేపేస్తుంది.

అదే పాత కారు బంపర్‌లో ఇంకొకటి గమనించండి. పై సగంలో ఆకాశం, కింది సగంలో రోడ్డు, మధ్యలో ఒక నల్లటి గీత ఉంటాయి. ఆ గీత ఉండటం వల్లే మన కన్ను దాన్ని క్రోమ్ అని గుర్తుపడుతుంది. తెల్ల కాగితం మీద, తెల్ల గోడ ముందు పెట్టి ఫొటో తీస్తే మంచి క్రోమ్ కూడా తెల్లగానే పడుతుంది, మళ్లీ రంగు తప్పిందని అనుకుంటారు. కింద ముదురు బూడిద గుడ్డ, పైన కిటికీ వెలుగు, కారుకు జానెడు దూరంలో అడ్డంగా ఒక నల్ల అట్ట ముక్క పెట్టి తీయండి. అట్టను పైకీ కిందికీ జరుపుతూ ఉంటే బంపర్‌లో ఆ గీత ఎక్కడ పడుతోందో కెమెరాలోనే కనిపిస్తుంది. బంపర్ వంపు మధ్యకు వచ్చినప్పుడు నొక్కండి.